కప్పతల్లికి పోయని నీళ్లు

దయ్యాలు, గాలి సోకడం, చేతబడి, వీటిలో ఏ ఒక్కటీ నేను నమ్మను. మొయినాబాద్‌లో మాకు కిరాణా దుకాణం ఉంది. నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దిష్టి దండలు శనివారం వచ్చిందంటే తెచ్చినవి తెచ్చినట్టే అమ్ముడుపోతాయి. మా గుమ్మానికి మాత్రం ఒక్కటి కూడా కట్టనివ్వలేదు. అత్తమ్మ ఎంత గొణిగినా సరే.

నమ్మకం లేదు గానీ రోత మాత్రం నాకు చాలా ఎక్కువ. బల్లి పాకిన గోడను ఫినాయిల్‌తో తుడిస్తే గానీ నిద్ర పట్టదు. కంచం నీచు వాసన వస్తున్నట్టు అనుమానం వచ్చినా అన్నం ముట్టను. "నిన్ను సబ్బునీళ్లల్ల నానబెట్టి పెంచిన్రా ఏంది?" అని మా ఆయన ఎక్కిరిస్తుంటాడు.

ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. జరిగింది చదివాక, "ఈమెకు మామూలుగానే చీదర ఎక్కువ, అందుకే అట్లా అనిపించింది" అని మీరు అనుకోవచ్చు. మొదట్లో నేనూ అదే అనుకున్నాను.

మా అమ్మాయి శ్రీజ ఏడో తరగతి. నాకు పూర్తిగా వ్యతిరేకం. గొంగళిపురుగును అరచేతిలో నడిపించుకుంటూ "మమ్మీ, చూడు" అని వంటింట్లోకి తెచ్చే రకం. పోయిన ఏడాది నుంచి దానికి సాలమాండర్ పిచ్చి పట్టుకుంది. చూడ్డానికి బల్లిలా ఉంటుందట, ముట్టుకుంటే కప్పలా జారుతుందట. రెండు రోతలనూ ఒకే ఒంట్లో పెట్టుకుని పుట్టిన ప్రాణి. దాని బొమ్మ చదువుకునే బల్ల ముందు అంటించుకుంది. ఆ గదిలోకి నేను తల తిప్పుకుని వెళ్లేదాన్ని.

అలాంటి పిల్లకు, స్కూలు తల్లిదండ్రుల గ్రూపులో ఒక మెసేజ్ కనబడింది. ఆదివారం పొద్దున ముడిమ్యాల దాటాక ఉన్న గుట్ట మీద వానాకాలపు కప్పలను చూపిస్తారు, పిల్లల వెంట పెద్దవాళ్లు ఒకరు రావాలి అని. ఆదివారం దుకాణం వదిలి మా ఆయన రాలేడు. వారం రోజులు బతిమాలించుకుని, చివరికి ముక్కు మూసుకుని బయలుదేరాను.

మమ్మల్ని తీసుకెళ్లింది మేఘన అనే అమ్మాయి. కప్పల మీద పరిశోధన చేస్తోంది. చేతిలో కర్ర, మోకాళ్ల దాకా బూట్లు, మాట మెత్తన, పద్ధతి గట్టి. ఫామ్‌హౌసుల వాళ్లు, సాఫ్ట్‌వేర్ జంటలు, రిటైరైన బ్యాంకు ఆఫీసరు ఒకాయన, అందరం కలిసి పదిమందికి పైనే ఉన్నాం. గుట్ట కింద నిలబెట్టి ఆమె నియమాలు చెప్పింది. ఎత్తిన రాయిని ముందు ఎలా ఉందో మళ్లీ అలాగే పెట్టాలి. చెప్పందే దేన్నీ ముట్టకూడదు. ముట్టాల్సి వస్తే ముందు చేతులు తడుపుకోవాలి, పొడి చేయి తగిలితే కప్ప చర్మం పాడవుతుంది.

"సాలమాండర్ దొరుకుతదా మేడమ్?" అని శ్రీజ అడిగింది.

"ఇక్కడ ఉండవురా. అవి దేశానికి ఈశాన్యం దిక్కు కొండల్లో ఉంటాయి. ఇక్కడ మన కప్పలే."

పిల్ల మొహం చిన్నబోయింది. నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మృగశిరలో ఒక్క పెద్ద వాన పడి, ఆ తర్వాత చుక్క లేదు. దారి పొడుగునా పత్తి చేలల్లో గింజ మొలవక నేల నెర్రెలు బారి ఉంది. గుట్ట మీద సీతాఫలం చెట్ల ఆకులు కూడా వడలిపోయాయి. ఆకాశం మబ్బుగా ఉన్నా గాలిలో తడి లేదు.

కప్పలు అక్కడక్కడా దొరుకుతూనే ఉన్నాయి. బండ మీద ఒక గుంతలో ఆ పాత వాన నీళ్లు అడుగంటి, అందులో తోకకప్పలు కిక్కిరిసి ఉన్నాయి. నానిన సబ్జా గింజలు గిన్నెలో పోసి కలియబెట్టినట్టు ఉంది. నీళ్లు తగ్గేకొద్దీ ఒకదాన్నొకటి తింటాయని మేఘన చెప్పింది. అందరూ వంగి వీడియోలు తీసుకున్నారు. నేను నాలుగడుగులు వెనక్కి వేశాను. ఇప్పటికీ దుకాణంలో ఎవరైనా సబ్జా అడిగితే పొట్లం కట్టడానికి మా ఆయన్నే పిలుస్తున్నాను.

ఇంకాస్త పైకి వెళ్లాక ఒక పెద్ద బండపలక కనిపించింది. అలాంటి వాటి కింద చెమ్మ నిలిచి ఉంటుందని మేఘన అంది. పలక చుట్టూ గడ్డి మొలిచి, ఎండి, అంచులను పట్టుకుని ఉంది. చాలాకాలంగా ఎవరూ కదిపింది కాదని నాబోటి దానికే తెలిసింది. ఇద్దరు మగవాళ్లు గడ్డపార దూర్చి లేపారు. మేఘన భుజం ఆనించి పట్టుకుంది.

కింద మట్టి పొడిగా, సున్నంలా ఉంది. దాని మధ్యలో ఒక బోదురుకప్ప. దాన్ని వేపకొమ్మకు పసుపు గుడ్డతో కట్టేసి ఉంది.

చూడగానే నాకు తెలిసిపోయింది. మా చిన్నప్పుడు వానలు రాకపోతే పిల్లలు కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తెచ్చేవాళ్లు. కప్పతల్లి అనేవాళ్లం. ప్రతి ఇంటివాళ్లూ చెంబుతో దాని మీద నీళ్లు పోయాలి. అమ్మ పోస్తుంటే నేను తలుపు వెనక దాక్కునేదాన్ని. ఊరంతా తిరిగాక కట్టు విప్పి వదిలేసేవాళ్లు.

ఇదే మాట అందరికీ చెప్పాను. ఎవరో కట్టి, విప్పడం మరిచిపోయి ఉంటారని అన్నాను. మేఘనకు కోపం వచ్చింది. కానీ ఒక సంగతి అప్పుడు ఎవరం పట్టించుకోలేదు. పలక కింద మట్టి బొత్తిగా పొడి. వేపాకు మాత్రం అప్పుడే తుంచినంత పచ్చగా ఉంది. పసుపు గుడ్డ తడిగా, నీళ్లోడుతూ ఉంది.

మేఘన, గడ్డపార పట్టిన ఇద్దరూ పలక వదల్లేదు, వదిలితే కప్ప మీదే పడుతుంది. మిగతావాళ్లు వెనక ఉన్నారు. దగ్గరున్నది నేనూ శ్రీజా.

"అక్కా, ప్లీజ్, మీరు పట్టుకోండి. పాప ముడి విప్పుతుంది. గుడ్డ బిగుసుకుపోయింది, చచ్చిపోతుంది" అంది మేఘన.

శ్రీజ నా మొహంలోకి చూసింది. ఆ చూపు లేకపోతే నేను చచ్చినా ముట్టేదాన్ని కాదు. చేతులు తడుపుకుని కప్పను పట్టుకున్నాను.

చల్లగా ఉంది. ఆ చల్లదనం కన్నా ఘోరం, అది చేతిలో కొట్టుకుంటోంది. ఒళ్లంతా ఒకే గుండెకాయ అయినట్టు దబదబమంటోంది. చర్మం జారుతోంది, కానీ వేళ్లకు అంటుకుంటోంది. శ్రీజ ముడి విప్పుతుండగా అది నా అరచేతిలో మూత్రం పోసింది. అది మణికట్టు దాకా కారి, శ్రీజ వేళ్ల మీద కూడా పడింది. ఎలాంటి వాసనంటే, తడి గోనెసంచి నెలరోజులు మూలన కుళ్లితే వచ్చే వాసన.

ముడి ఊడగానే విసిరేసినంత పని చేశాను. అది పారిపోలేదు. మా కాళ్ల ముందే, ఎండిన బండ మీద కూర్చుంది. బ్యాంకు ఆఫీసరు గారు తీసిన ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. పసుపు గుడ్డ, పచ్చని వేపాకు, మా ఇద్దరి చేతులు, అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి.

నా సీసాలో మిగిలిన నీళ్లన్నీ చేతులు కడగడానికే అయిపోయాయి. ముందు శ్రీజ చేతులు రుద్ది రుద్ది కడిగాను, తర్వాత నావి. బ్యాంకు ఆఫీసరు గారి సీసా కూడా అడిగి తీసుకుని ఖాళీ చేశాను. నీళ్లు బండ మీద పడి పక్కకు పారుతుంటే ఆ కప్ప తల తిప్పి వాటినే చూస్తోంది. దాని మీద ఒక్క చుక్క పోయాలని నాకు తోచలేదు. కప్పతల్లి అని నోటితో చెప్పిన మనిషిని నేనే.

మర్నాడు పొద్దున మొదలైంది.

శ్రీజ స్కూల్లో ఆడపిల్లలకు రెండు జడలు తప్పనిసరి. రోజూ నూనె రాసి నేనే వేస్తాను. ఆ రోజు జుట్టు పాయలు తీస్తూ మెడ మీద చేయి పెట్టాను. చల్లగా, జిగటగా తగిలింది. ఉలిక్కిపడి చేయి లాగేసుకున్నాను. నూనె ఎక్కువైందనుకుని టవల్‌తో తుడిచాను. టవల్‌కు ఏమీ అంటలేదు. మెడ పొడిగానే కనిపిస్తోంది. మళ్లీ ముట్టుకుంటే మళ్లీ అదే. చర్మం కింద ఆ దబదబ కూడా. వాసన కూడా.

తలకు పోయించాను. సున్నిపిండి, కుంకుడుకాయలు, వేపాకు నీళ్లు, అన్నీ అయ్యాయి. కంటికి పిల్ల కడిగిన ముత్యంలా ఉంది. చేతికి మాత్రం కప్ప.

మా ఆయన్ను ముట్టుకుని చూడమన్నాను. "మంచిగనే ఉన్నది గదా, నీకేమైంది?" అన్నాడు. అత్తమ్మ కూడా ఏమీ లేదంది. నాకే మనసులో రోత పాతుకుపోయిందనుకుని ఒక పరీక్ష పెట్టుకున్నాను. శ్రీజకు ఆట అని చెప్పి, నా కళ్లకు చున్నీ కట్టించుకుని, ముగ్గురినీ ఇష్టమొచ్చినట్టు మార్చి మార్చి నా చేతి మీద ఒక వేలు పెట్టమన్నాను. ఎన్నిసార్లు పెట్టినా శ్రీజ వేలు తగలగానే తెలిసిపోయింది. ఒక్కసారి కూడా తప్పలేదు. "మమ్మీ విన్నర్" అని పిల్ల చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపు వచ్చింది.

ఒకటే భయం పట్టుకుంది. ఇది శ్రీజకు తెలియకూడదు. కన్నతల్లికి తన ఒళ్లు రోత పుడుతోందని తెలిస్తే ఆ పిల్ల ఏమైపోతుంది? అప్పటిదాకా అన్నం ముద్దలు కలిపి నోట్లో పెట్టేదాన్ని. పెద్దదానివయ్యావు, నీ చేత్తో తిను అన్నాను. పక్కలో పడుకోవడం మాన్పించాను. అది ఎంగిలి చేసిన గ్లాసు చూసినా డోకు వచ్చేది. జడలు మాత్రం తప్పించుకోలేకపోయాను. హోటళ్ల వాళ్ల కోసం తెచ్చే ప్లాస్టిక్ గ్లౌజులు దుకాణంలో ఉంటాయి. వేళ్లు ఒరుసుకుపోయాయని అబద్ధం చెప్పి అవి వేసుకున్నాను. తల్లి గ్లౌజులు తొడుక్కుని బిడ్డకు జడలు వేయడం ఎక్కడైనా ఉందా? నా మీద నాకే అసహ్యం వేసేది. శ్రీజ ఏమీ అడగలేదు. అడగకపోవడమే నాకు ఇంకా భయంగా ఉండేది.

మామూలు పరీక్షలని శ్రీజకు చెప్పి, మెహదీపట్నం దిక్కు చర్మం డాక్టర్‌కు ఇద్దరం చూపించుకున్నాం. పాపకు ఏ జబ్బూ లేదన్నారు. నన్ను పక్కకు పిలిచి, మనసు డాక్టర్ దగ్గరికి వెళ్లమన్నారు. వెళ్లాను. మాత్రలు వేసుకున్నాను. నిద్ర బాగా పట్టింది, అంతే.

ఒకరోజు ఆ ఫొటో అత్తమ్మకు చూపించాను. అత్తమ్మ పుట్టిల్లు మాకు దగ్గర్లోనే ఉన్న ప్రొద్దుటూరు అనే పల్లె. చిన్నప్పుడు ఆ రోకలి మోసిన మనిషే. చాలాసేపు చూసి ఒక్కటే అడిగింది.

"నీళ్లు పోసిన్రా?"

నేను ఫోన్ వెనక్కి తీసుకున్నాను.

"ఎదురుబడ్డ కప్పతల్లిని ఎవ్వలన్న ఎండకు ఇడ్సిపెడ్తరా బిడ్డా? చెంబెడు కాకున్నా దోసెడన్న పోస్తరు. చేతులు కడుక్కున్నరు గని..."

మిగతాది మింగేసింది. నేను నవ్వి కొట్టిపారేసేదాన్నే, మునుపటి దాన్నయితే. ఆ మర్నాడే మా ఆయన్ను బండి తీయమని, క్యాన్లలో నీళ్లు నింపుకుని ముడిమ్యాల వెళ్లాను. నమ్మి వెళ్లానని చెప్పను. ఇంకే దారీ కనబడక వెళ్లాను.

గుట్ట కింద బోరు నీళ్లున్న చేలో ఒకావిడ కలుపు తీస్తోంది. ఈ మధ్య ఊళ్లో కప్పతల్లి ఎవరు ఆడారని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"కప్పతల్లా? బోర్లు ఏసినంక ఎవలాడుతున్నరమ్మా? మా పిల్లలకు గదంటె ఏందో గూడ ఎర్కలేదు. గుట్ట మీద యాపచెట్టు గూడ లేదు."

ఆమె చెప్పాకే గమనించాను. పైదాకా వెళ్లినా ఒక్క వేపచెట్టు కనిపించలేదు.

పలక ఎప్పటిలాగే ఉంది. మేమిద్దరం దాన్ని కదల్చలేకపోయాం. తెచ్చిన నీళ్లన్నీ దాని మీదే పోసి, అంచుల్లోకి జారేలా చూసి, దండం పెట్టుకున్నాను. కప్ప జాడ ఎక్కడా లేదు. తర్వాత కొన్నాళ్లకు వానలు పడ్డాయి. మొయినాబాద్, చేవెళ్ల, అంతటా పడ్డాయి, నేను పోయని చోట కూడా. ఆ వానకూ నాకూ సంబంధం అంటగట్టను. ఇంట్లో మాత్రం ఏమీ మారలేదు. అదే చల్లదనం, అదే జిగట, అదే వాసన.

నెల దాటాక ఒక పొద్దున గ్లౌజులు అయిపోయాయి. కొత్త పెట్టె ఇంకా రాలేదు. బడి బస్సు టైమవుతోంది. శ్రీజ దువ్వెన, రిబ్బన్లు పట్టుకుని ఎప్పటిలాగే వచ్చి నా ముందు పీట మీద కూర్చుంది. ఇక తప్పదని పళ్లు బిగబట్టి, ఊపిరి బిగబట్టి, ఒట్టి చేతులతో జుట్టు పాయలు తీశాను. గోడ మీది అద్దంలో శ్రీజ మొహం కనిపించింది. కళ్లు గట్టిగా మూసుకుంది. పెదవులు బిగించింది. అది కూడా ఊపిరి బిగబట్టుకుని ఉంది.

జుట్టు లాగుతున్నానేమో అనుకున్నాను.

"నొప్పైతుందా?"

"లేదు మమ్మీ."

"మరి గట్ల కూసున్నవేంది?"

రిబ్బను వేలికి చుట్టుకుంది. తర్వాత తల వంచుకుని చెప్పింది.

"నీ చెయ్యి మమ్మీ. గుట్ట మీదికి పోయొచ్చిన సంది గట్లనే ఉన్నది. సల్లగ... జారుతున్నట్టు. స్మెల్ గూడ అదే. నీకు చెప్తె ఫీలైతవని చెప్పలే."

నా చేతిలో పాయ అలాగే ఉండిపోయింది.

"నువ్వు గ్లౌజ్‌లు ఏసుకుంటే, నీ చెయ్యి నాకు గట్ల తాకుతున్నదని నీకు తెల్సిపోయింది, నాకోసమే ఏసుకుంటున్నవ్ అనుకున్న."

గుట్ట నుంచి వచ్చిన మర్నాటి నుంచి ఈ పొద్దుటి దాకా, కప్పలను అరచేతిలో పెట్టుకునే ఆ పిల్ల, నా చేయి తగిలితే ఒళ్లు జలదరించే ఆ పిల్ల, ప్రతి పొద్దునా దువ్వెన తెచ్చుకుని తనంతట తానే వచ్చి నా ముందు కూర్చుంది. ఒక్కసారి కూడా మెడ పక్కకు జరపలేదు.

బస్సు వెళ్లిపోయింది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు ఏడ్చాం. అలా పట్టుకోవడం కూడా ఎంత రోతగా ఉందో ఇద్దరికీ తెలుస్తూనే ఉంది.

దీనికి కారణం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మనసు డాక్టర్ ఇద్దరికీ ఒకేసారి ఒకే భ్రమ కలగవచ్చని అంటారు. నేను నోరు విప్పి చెప్పకముందే ఆ పిల్లకు ఎలా కలిగిందో మాత్రం చెప్పలేదు. కట్టింది ఎవరో, కదలని పలక కిందికి పచ్చి వేపమండ ఎలా వెళ్లిందో మేఘనకూ అంతు చిక్కలేదు. దయ్యాలను నమ్ముతావా అని అడిగితే ఇప్పుడు కూడా నమ్మననే అంటాను.

అది తగ్గలేదు. ఈ పొద్దున కూడా అలాగే ఉంది. గ్లౌజుల పెట్టెలు వచ్చాయి, దుకాణంలో హోటళ్ల వాళ్లకు అమ్ముతున్నాం. శ్రీజకు రోజూ రెండు జడలు నేనే వేస్తున్నాను, ఒట్టి చేతులతో.